దిగులు చేబదులు

పదమూడో రోజు. మోత.

ఇవాళ పొద్దున్న పదిన్నరకి నాకు చచ్చేంత భయం వేసింది. ఆ సమయానికి నేను చేస్తున్న పని ఆలుచిప్పలు కడగడం.

చిప్పలు కడగడంలో భయపడాల్సింది ఏమీ లేదు. బుట్టలో వేసి, ఉప్పునీళ్లలో ముంచి, కొబ్బరి పీచుతో రుద్ది, ఎండలో పరవాలి. పన్నెండు రోజులుగా అదే పని చేస్తున్నాను. అయినా ఉన్నట్టుండి అరచేతులు చల్లబడిపోయాయి. కడుపులో ఎవరో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. చేతిలో చిప్ప జారి నీళ్లలో పడింది. సరిగ్గా పావుగంట. తర్వాత తగ్గింది కానీ పూర్తిగా పోలేదు, సాయంత్రం దాకా అడుగున ఉండిపోయింది.

వరహాలమ్మ గారూ, మోత రోజున ఏ దిగులు ఎప్పుడు వచ్చిందో గంటతో సహా రాయమన్నారు, రాస్తున్నాను. ఇది నాది కాదు, నేను మోస్తున్న మనిషిది. అది ఎవరో మీరు చెప్పరు. సరే, చెప్పొద్దు. కానీ ఆ మనిషి పదిన్నరకి ఏం చూస్తున్నారో కనుక్కుని, కాస్త ఆ చూడటం మానమనండి. నాకు చిప్పలు పగిలిపోతున్నాయి.

పద్నాలుగో రోజు. తేలిక.

తేలిక రోజున రాయనక్కర్లేదని మీరే చెప్పారు. అయినా రాస్తున్నాను. ఇవాళ నాకు ఏ భయమూ లేదు, ఆ మాట చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

నిన్నటి మనిషినేనా నేను అని పొద్దున్న పట్టీ వంక చూసుకున్నాను. చిటికెన వేలంత వెడల్పు, బూడిద రంగు, మణికట్టు మీద గోరువెచ్చగా ఉంటుంది. బేసి రోజుల్లో ఎవరిదో దిగులు తెచ్చి నా ఒంట్లో పోస్తుంది. సరి రోజుల్లో నాది తీసుకెళ్లి ఇంకొకరి ఒంట్లో పోస్తుంది. ఏరు సముద్రంలో కలిసే చోట తెప్పల మీద తేలే మా తెప్పలపాడులో అందరూ దీన్ని చేబదులు అంటారు. కొత్త సంస్థలకి చోటిచ్చే మీ అంకుర శాలలో చేరినవాళ్లు మొదటి ఏడాది దీన్ని కట్టుకు తీరాలి. మూడేళ్ల కిందట గాలిదీపాల సంస్థ పెట్టిన పెద్దమనిషి నాలుగు రోజులు తిండి లేకుండా తెప్ప అంచున కూచుని, ఆ తర్వాత మాట్లాడటమే మానేశాడు. అప్పటినుంచి ఈ నియమం. కొత్తగా సంస్థ పెట్టినవాళ్ల దిగులు ఒక్క మనిషి మోసేది కాదని ఊరంతా ఒప్పుకుంది. నేనూ ఒప్పుకున్నాను.

మీరిచ్చిన పుస్తకంలో ఇంకో నియమం ఉంది. మోత రోజున సంతకాలు పెట్టకూడదు, నిర్ణయాలన్నీ తేలిక రోజునే. అందుకని ఇవాళ నాలుగు కాగితాల మీద సంతకాలు పెట్టేశాను. చదవకుండా కాదు. చదివాను, ఏమీ అనిపించలేదు.

సువర్ణరాజుకి ఇవాళ మోత. అతను నా భాగస్వామి. ఇద్దరం ఆరేళ్లు మరమ్మతు రేవులో తెప్పల కింద వెల్లకిలా పడుకుని అతుకులకి తారు పూసినవాళ్లం. తారు ఏడాదికోసారి పగులుతుంది. పగిలినా తనంతట తానే పూడుకునే అతుకు చేద్దామన్నది అతని ఆలోచన. ఆలుచిప్పల సున్నం, చింతగింజల జిగురు, అందులో బతికే ఒక పాచి. పాలకి తోడు వేసినట్టు దీనికీ తోడు వెయ్యాలి. ఆ తోడు ఉన్న కుండకి రోజూ బెల్లం నీళ్లు పోయాలి. బయటి చేతులు తగిలితే పాచి చచ్చిపోతుందని నన్ను తొట్టి గదిలోకి రానివ్వడు. చిప్పలూ, పంచాయతీ చుట్టూ తిరగడాలూ నావి. కుండా, తొట్లూ అతనివి. నాకన్నా రెండేళ్లు చిన్న, అక్కా అంటాడు. ఇవాళ మాత్రం మూల కూచుని గోళ్లు కొరుక్కున్నాడు. నాకు మోత ఉన్నరోజు అతనికి తేలిక, అతనికి మోత ఉన్నరోజు నాకు తేలిక. ఇదీ ఒక అదృష్టమే. ఇద్దరిలో ఒకరి బుర్ర ఎప్పుడూ చల్లగా ఉంటుంది.

తేలిక రోజు కాబట్టి ఇంకో మాట కూడా రాసేస్తాను. మావి రెండు సంస్థలు కావు, ఒకటే. సంస్థకి ఒక్క తొట్టే ఇస్తారని నా పేరున 'రత్నం అతుకులు', అతని పేరున 'సువర్ణ తోడు' అని విడివిడిగా రాయించాం. ఇప్పుడు ఒక తొట్టిలో ఉప్పునీళ్లు, ఒకదాంట్లో ఏటినీళ్లు. రెంటిలోనూ చెక్కలు నానుతున్నాయి. నలభై రోజులు నానినా విడిపోకపోతే మనుషులుండే తెప్పలకి మా అతుకు వాడనిస్తారు. మేం ఒకటేనని శాలలో అందరికీ తెలుసు. కాగితానికి మాత్రం తెలీదు.

పదిహేనో రోజు. మోత.

పది గంటల ముప్ఫై రెండు. అదే భయం. తూనికల పని చేస్తున్నాను, సున్నం రెండుసార్లు కొలిచి రెండుసార్లూ తప్పు రాశాను.

తొట్టి గదిలోంచి రాజు పాట వినిపిస్తోంది. అతనికి తేలిక, పాడతాడు, తప్పు లేదు. కానీ ఇటు ఒక మనిషి చెమటలు కక్కుతుంటే అటు ఒక మనిషి హాయిగా పాడుకుంటుంటే ఎంత ఒళ్లు మండుతుందో మీ పుస్తకంలో రాయలేదు.

మధ్యాహ్నం భోజనం దగ్గర చెక్క ఎలా ఉందని అడిగాను. బాగుందక్కా అన్నాడు. అలా అన్నప్పుడు నాకు మళ్లీ కడుపులో తిప్పింది. ఆ సమయానికి ఆ మనిషి ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో. రాశాను, ఒంటిగంటా పది.

పంతొమ్మిదో రోజు. మోత.

ఇక లాభం లేదని శాలంతా తిరిగాను. తప్పే, ఎవరిని మోస్తున్నామో వెతక్కూడదు. కానీ ఈ మనిషి భయం రోజురోజుకీ పెరుగుతోంది. మొదట పావుగంట ఉండేది, ఇప్పుడు గంట ఉంటోంది. ఎవరైనా మునిగిపోతున్నారేమో, చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు.

మాది కాక పన్నెండు సంస్థలు, పన్నెండు వాకిళ్లు. పదిన్నరకి మీరేం చేస్తుంటారండీ అని మాటల్లో పెట్టి అడిగాను. తెరచాపల ఆవిడ నిద్రపోతుందట. ఎండు రొయ్యల పొడి చేసే అన్నదమ్ములు ఆ వేళకి దెబ్బలాడుకుంటారట, అది భయం కాదు, వాళ్లకి అదే టిఫిను. వాన నీటి గొట్టాలాయన నన్ను ఎగాదిగా చూసి, మీకేమన్నా ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. బాగాలేదనే చెప్పాను. అందరూ మామూలుగానే ఉన్నారు. అందరూ మామూలుగా ఉంటే ఇంత భయం ఎవరిది?

ఇరవై రెండో రోజు. తేలిక.

పంచాయతీ వాళ్లు పిలిచారు. ఈ ఏడు వరద తొందరగా వచ్చేలా ఉందట. తారు పూసేవాళ్లు దొరకడం లేదు. నలభై రోజులు ఆగడం కుదరదు, అతుకు ఇప్పుడే వేసెయ్యండి, పరీక్ష మిగిలింది తర్వాత చూద్దాం అన్నారు. మొదట కూరలమ్మే తెప్పకి అనుకున్నది కాస్తా పిల్లల బడి తెప్పకి మారింది. బడి తెప్పకే అతుకులు ఎక్కువ పోయాయట.

ఒప్పుకున్నాను. సంతకం పెట్టాను.

రాజుకి మాత్రం కూరల తెప్పే అని చెప్పాను. బడి అంటే అతను ఇంకో నలభై రోజులు చూద్దాం అంటాడు. అప్పటికి వరదా వెళ్లిపోతుంది, మా అవకాశమూ వెళ్లిపోతుంది. అతుకు బాగుందని రోజూ తనే చెప్తున్నాడు కదా. తెప్పలు రేవులో బోర్లిస్తే అన్నీ ఒకటే, కూరలదో బడిదో ఎవరికీ తెలీదు. పూసేది నేను, కలిపేది అతను. ఇందులో అబద్ధం కూడా పెద్దది కాదు.

ఇరవై మూడో రోజు. మోత.

వరహాలమ్మ గారూ, ఇవాళ కొత్తరకం వచ్చింది. పదిన్నర భయం పదిన్నరకే వచ్చింది, అది పాతదే. కానీ పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఇంకొకటి ఉంది. తప్పు చేసినవాళ్ల భయం. ఎవరి మొహంలోకీ సూటిగా చూడబుద్ధి కావడం లేదు. రాజు మంచినీళ్లు ఇస్తే గ్లాసు వంకే చూసి తాగాను.

నేను మోస్తున్న మనిషి ఎవరినో మోసం చేశారు. సందేహం లేదు. ఇలాంటివాళ్లని శాలలో ఎలా చేర్చుకుంటారు? మీరు కాస్త విచారించండి.

ఇరవై నాలుగో రోజు. తేలిక.

భోజనం దగ్గర రాజు అన్నం కెలుకుతూ తను మోస్తున్న మనిషి గురించి చెప్పాడు. ఆ మనిషి ఎవరి దగ్గరో ఏదో దాచాడట. రెండు రోజులుగా ఆ బరువు మొయ్యలేకపోతున్నాడట. అది కాక పదిన్నర అయ్యేసరికి విపరీతమైన దడట.

"నీకూ పదిన్నరకేనా?" అన్నాను.

"అందరికీ పదిన్నరకేనేమోనక్కా. ఎండెక్కే టైం కదా."

అది నిజమే అనిపించింది. పదిన్నర అంటే పనులు వేడెక్కే వేళ, ఎవరి భయాలు వాళ్లకి అప్పుడే లేస్తాయి. దాచడం ఎంత చెడ్డ అలవాటో ఇద్దరం కాసేపు మాట్లాడుకున్నాం. నేనే ఎక్కువ మాట్లాడాను.

ఇరవై ఏడో రోజు. మోత.

అతుకు వేయడం ఇవాళ్టితో అయిపోయింది. మూడు రోజులు రేవులో బోర్లా తెప్ప మీద కూచుని పూశాను. తెప్ప ఎంత వెడల్పో ఇప్పుడే తెలిసింది. ఒక మూల చెక్క మీద పిల్లలెవరో మేకుతో బాతు బొమ్మ గీశారు. దాని మీద కూడా పూసి ముందుకి జరిగాను.

పదిన్నరకి చూశాను, ఏమీ రాలేదు. ప్రాణం లేచొచ్చింది. ఆ మనిషి కుదుటపడ్డారు అనుకున్నాను. ఒంటిగంటా పదిహేనుకి వచ్చింది, రెండు రోజులది కలిపి వచ్చినట్టు. కుంచె పక్కన పెట్టి తెప్ప మీదే పడుకున్నాను.

సాయంత్రం శాలకి వచ్చాక రాజు, తొట్లోంచి చెక్కని పైకి లాగే గిలక తాడు చూపించాడు. పొద్దున్న తెగిపోయిందట. కొత్తది వేసి చెక్క పైకి తీసేసరికి ఒంటిగంట దాటిందట. తాడు బాగాలేదు, ఇంకా లావుది కావాలి. రాసి పెట్టుకోవాలి.

ఇరవై తొమ్మిదో రోజు. మోత.

మీ దగ్గరికి వచ్చాను, మీకు గుర్తుంటుంది. అయినా రాస్తాను, తర్వాత నేను అనలేదని అనకుండా.

నేను మోస్తున్న మనిషి బతికే ఉన్నారా అని అడిగాను. మీరు నవ్వారు. మీ ఎదురుగా పాత స్టీలు గ్లాసు, అందులో టీ, దాని మీద ఈగ. అది నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే మీ మొహం చూడలేక దాన్నే చూశాను.

"రత్నం గారూ, ఆ మనిషిని నేను రోజూ చూస్తన్నానమ్మా. తింటన్నారు, తిరుగుతన్నారు, పాటలు కూడా పాడుకుంటన్నారు. మీరు బాగా మోస్తన్నారు కాబట్టే వాళ్లు అంత బాగున్నారు."

నాకు ఏడుపొచ్చింది. సంతోషమో, ఉక్రోషమో తెలీలేదు. ఒక మనిషి బాగుండటానికి నేను ఇలా అయిపోవాలా, అయితే అవతల నన్ను మోసే మనిషి ఎలా అయిపోయి ఉంటారు? అది మాత్రం అడగలేదు. అడిగితే ఏం చెప్తారోనని భయం. ఆ భయం నాదేనా అంటే అదీ చెప్పలేను. ఇరవై తొమ్మిది రోజులుగా నాకు ఒకే కడుపులో రెండు దిగుళ్లు కలిసి ఉడుకుతున్నాయి. ఏది నాదో, ఏది వాళ్లదో విడదీయమంటే పులుసులో ఉప్పు విడదీయమన్నట్టుంది. నాకు చేతనైంది ఒకటే, అంతా వాళ్లదే అనుకోవడం. మీ పుస్తకమూ అదే అనుకోమంది.

ముప్ఫయ్యో రోజు. తేలిక.

బడి తెప్ప ఏటి వైపు కట్టారు. నలభై ఆరు మంది పిల్లలు. పంతులమ్మ గారు బెల్లం ముక్కలు పంచారు, నాకూ ఒకటి పెట్టారు. పిల్లలు పాటకి తగ్గట్టు కాళ్లు తపతప కొడుతుంటే తెప్ప కొద్దిగా ఊగింది. చూడముచ్చటగా ఉంది.

కూరల తెప్ప ఎలా ఉందని రాజు అడిగాడు. బ్రహ్మాండంగా ఉంది అన్నాను.

ముప్ఫై రెండో రోజు. తేలిక.

వరద ఎర్రనీళ్లు వచ్చేశాయి. పొద్దున్న లేచేసరికి ఏటి వైపు నీళ్లన్నీ ఇటుక రంగు. ఊళ్లో అందరూ బిందెలు పట్టుకుని వెళ్లారు. ఈ నాలుగు వారాలు తాగడానికి ఏటినీళ్లే, ఉప్పు తగలదు. నాకూ ఆ రంగు చాలా బాగుంది.

రాజు తొట్టి గది వెనక కూచుని వాంతులు చేసుకున్నాడు. వీపు నిమిరాను. తను మోస్తున్న మనిషి ఇవాళ అస్సలు బాగాలేడు అన్నాడు. నిమ్మకాయ నీళ్లు కలిపి ఇచ్చి, మీ దగ్గరికి వెళ్లమన్నాను. రేపు నాకు తేలిక కదక్కా, తగ్గిపోద్దిలే అన్నాడు.

ముప్ఫై మూడో రోజు. మోత.

చిప్పలు కడిగే చోటికి ఎర్రనీళ్లు ఎక్కాయి. బురదలో చిప్పలు కడగలేం. ఉప్పునీళ్ల తొట్టి ఉంది కదా అని బుట్ట నెత్తిన పెట్టుకుని తొట్టి గదిలోకి వెళ్లాను. ముప్ఫై మూడు రోజుల్లో మొదటిసారి. రాజు చూసి, చేతులు కడుక్కున్నావా అని మాత్రం అన్నాడు. పదీ ముప్ఫై అయింది.

అతను గిలక తిప్పి ఏటినీళ్ల తొట్టిలోంచి చెక్క పైకి లాగుతున్నాడు. పక్కన కాఫీ గ్లాసు. నోట్లో ఏదో పాట. చెక్కని ఒళ్లో పెట్టుకుని అతుకు మీద బొటనవేలి గోరు నొక్కాడు. గోరు లోపలికి దిగింది.

నా కడుపులో చెయ్యి తిరిగింది.

బుట్ట కింద పెట్టాను. అతని మొహం చూశాను. నిద్ర లేచిన పసిబిడ్డ మొహంలా ఉంది. పాట కూడా ఆగలేదు. చెక్క నీళ్లలో వదిలెయ్యమన్నాను. వదిలాడు. కాసేపటికి నా దడ కొంచెం తగ్గింది. మళ్లీ తియ్యమన్నాను. తీశాడు, గోరు పెట్టి చూశాడు. నాకు దడ మళ్లీ లేచింది. మూడోసారి తియ్యమంటే, చెక్కతో ఆటలాడిస్తున్నావేంటని నవ్వాడు.

గిలక తాడు తెగిన రోజు గుర్తొచ్చింది. ఒంటిగంటా పదిహేను. ఆ రెండు సంగతులూ నా చేత్తోనే ఒకే పేజీలో రాసుకున్నాను.

"రాజూ, అది ఎప్పట్నించి అలా ఉంది?"

"ఒదులవడమా? పన్నెండో రోజు నించక్కా. ఉప్పునీళ్లలో రాయిలాగుంది. ఏటినీళ్లలో పెడితే మెత్తబడతంది. రోజుకి కాస్త ఎక్కువవుతంది."

"నాకెందుకు చెప్పలేదు?"

అతను నిజంగానే ఆలోచించాడు. దాచిపెట్టాలని కాదు, కారణం వెతుక్కుంటున్నట్టు.

"భయమేస్తే చెప్దామనుకున్నాను. తేలిక రోజున చూస్తే ఏం ఎయ్యలేదు. మోత రోజున ఏసేది, కానీ అది నాది కాదు గదా. అయినా మనం ఏసింది కూరల తెప్పకి. అది సముద్రం వైపే ఉంటది, అటు అన్నీ ఉప్పునీళ్లే. దానికేం కాదక్కా."

"కూరల తెప్ప కాదు రాజూ. బడి తెప్ప."

"అలాగా," అన్నాడు.

అంతే. అలాగా అని కాఫీ గ్లాసు అందుకున్నాడు. అదే క్షణాన నేను నేల మీద కూలబడిపోయాను. చెప్పింది నేను, విన్నది అతను, విన్నవాడి గుండె మాత్రం నా ఒంట్లో కొట్టుకుంది. ఇన్నాళ్లూ భయం నా దగ్గర ఉంది, దాని కారణం అతని దగ్గర ఉంది. నా తప్పుకి పుట్టిన భయం సరి రోజుల్లో అతని దగ్గరికి వెళ్లింది, ఆ తప్పేంటో అతనికి తెలీదు. ఎవరి దగ్గరా రెండూ కలిసి లేవు. అందుకే ఇద్దరం సంతకాలు పెట్టాం, అన్నాలు తిన్నాం, ఒకడు పాటలు పాడాడు.

పాక్కుంటూ వెళ్లి అతని చెయ్యి పట్టుకుని పట్టీ ఊడబీకాను. నియమం ప్రకారం అది మీ చేత్తో మీరే తియ్యాలి. క్షమించండి. నాది కూడా తీసి తొట్టిలో పడేశాను.

రాజు మొహం మారింది. అది రాయలేను. గ్లాసు చేతిలోంచి జారిపోయింది. "అక్కా, బడి ఏటి వైపు గదా, అటు అన్నీ ఎర్రనీళ్లే," అన్నాడు, అప్పటికే లేచి పరిగెత్తుతూ.

శాల నుంచి బడి దాకా ఏడు తెప్పలు దాటాలి. ఎలా దాటామో తెలీదు. పంతులమ్మ గారు ఎక్కాలు చెప్పిస్తున్నారు. పిల్లల్ని వెంటనే పక్క తెప్ప మీదికి పంపించమన్నాను. ఆవిడ చుట్టూ చూశారు. తెప్ప నిక్షేపంలా ఉంది, ఒక్క చుక్క నీరు లేదు. మునిగిపోతోందా అని అడిగారు. లేదన్నాను. మరి ఎందుకు అన్నారు.

"నాకు భయంగా ఉందండీ," అన్నాను.

అంతకు మించి నా దగ్గర ఏ రుజువూ లేదు. ఆవిడ నా మొహం చూశారు, రాజు మొహం చూశారు. ఎక్కాలు ఆపేసి పిల్లల్ని వరసలో నిలబెట్టారు. పలకలు కూడా తీసుకోనివ్వలేదు. నలభై ఆరు మందీ వంతెన బల్ల దాటేదాకా నేను లెక్కపెడుతూనే ఉన్నాను, మధ్యలో రెండుసార్లు తప్పి మళ్లీ మొదలెట్టాను.

తెప్ప మునగలేదు. పన్నెండయింది, ఒంటిగంటయింది, అలాగే ఉంది. పిల్లల తల్లులు వచ్చారు. బళ్లోకి పిచ్చిదానిలా పరిగెత్తి పిల్లల్ని హడలగొట్టానని తిట్టారు. పంచాయతీ ఆయన, మీ సంతకమే కదమ్మా ఇది అని కాగితం చూపించాడు. నాదే అన్నాను. తెప్ప ఎందుకు మునగలేదో నాకూ అర్థం కాలేదు. అప్పటికి నాకు ఒకటే తెలుసు, తెప్పని రేవుకి లాగించి బోర్లించేదాకా అక్కణ్ణుంచి కదలను.

మూడు గంటలకి బోర్లించారు. పైకి అంతా బాగానే ఉంది. రాజు ఏటి వైపు మూలకి వెళ్లి గోరు పెట్టాడు. గోరు కాదు, వేలు దిగింది. వేలుతో లాగితే అతుకు ఉడికిన సేమ్యాలా మూరెడు ఊడి వచ్చింది. దాని కింద చెక్క మీద బాతు బొమ్మ ఉంది. పంచాయతీ ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ముప్ఫై నాలుగో రోజు.

మోతా కాదు, తేలికా కాదు. ఏం రాయాలో తెలీక అలాగే వదిలేశాను.

పొద్దున్న మీరు వచ్చారు. మా ఇద్దరి రాతలూ పక్కపక్కన పెట్టుకుని చదివారు, చదువుతూ మధ్యలో ఒకసారి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. ఒకే సంస్థ వాళ్లని ఒకరికొకరిని కలపకూడదని పట్టీల జతలు కుదిర్చే యంత్రానికి చెప్పి ఉంచారట. మేం రెండు సంస్థలమని మేమే కదా రాసిచ్చాం. అది మా పాపం. తర్వాత మీరు అన్న మాట కూడా రాస్తున్నాను, ఎందుకంటే ఇది మీరే రాయమన్న పుస్తకం.

"ఏ రోజైనా ఈ రెండూ కలిపి చదివుంటే తెలిసిపోయేదమ్మా. నేను చదవలేదు. రాశారా లేదా అని టిక్కు పెట్టుకున్నాను, అంతే."

కోపం వచ్చింది. వెంటనే పోయింది. చదివే తీరిక ఉన్నా, పదమూడు సంస్థల భయాలు కూచుని చదివే మనిషికి ఏ పట్టీ కడతారు?

పంచాయతీ తీర్పు కూడా వచ్చింది. ఇకనుంచి మాది ఒకే సంస్థ, ఒకే తొట్టి. పరీక్ష మళ్లీ ఒకటో రోజు నుంచి, ఏటినీళ్లలో. అది కూడా పంతులమ్మ గారు చెప్పబట్టి ఇచ్చారట, లేకపోతే నిన్ననే పంపించేసేవారు. వేరేవాళ్లతో కొత్త జత కలిపి పట్టీలు ఇస్తామన్నారు మీరు. వారం రోజులు వద్దన్నాను. వారం తర్వాత ఏమంటానో నాకే తెలీదు. నేను ధైర్యస్తురాలినని కాదు. నా దిగులు ఎంతుంటుందో, ఎలా ఉంటుందో ఒకసారి విడిగా చూద్దామని ఉంది. ముప్ఫై మూడు రోజులుగా దాన్ని ఎరగను.

నిన్న సాయంత్రం రాజు నాతో మాట్లాడలేదు. బడి సంగతి దాచినందుకు అతని కోపం, వదులు సంగతి దాచినందుకు నా కోపం. ఇవాళ తొట్టి గదిలో చిప్పలు కడుగుతుంటే పది గంటలకి వచ్చి, బుట్ట రెండో వైపు కూచుని కొబ్బరి పీచు తీసుకున్నాడు. ఆరేళ్లు తెప్పల కింద అలాగే ఎదురెదురుగా పనిచేశాం. సగం బుట్ట కడిగేశాం.

తర్వాత మొదలైంది. అరచేతులు చల్లబడ్డాయి, కడుపులో అదే తిప్పు. మణికట్టు చూసుకున్నాను, పట్టీ ఉన్న చోట తెల్లటి గీత తప్ప ఏమీ లేదు. తలెత్తి చూస్తే రాజు చేతిలో చిప్ప కూడా వణుకుతోంది. గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది.

"అక్కా, ఇది నాదా, నీదా?"

"తెలీదురా. కడుగు."